గుడ్లు పెట్టే పెట్టలు ఉన్నట్టుండి ఆపేస్తే: కారణం పట్టుకునే వరస

పెట్ట గుడ్డు ఆపగానే చాలామంది మందు కోసం పరుగెత్తుతారు. నీళ్లలో టానిక్ కలుపుతారు, దాణా మారుస్తారు, నట్టల మందు తాగిస్తారు, గూటిని ఇంకోచోటికి జరుపుతారు. ఇదంతా నాలుగు రోజుల్లో జరిగిపోతుంది. రెండు వారాలకు గుడ్లు మళ్లీ వస్తే ఏది పనిచేసిందో తెలియదు, రాకపోతే ఏది చెడగొట్టిందో తెలియదు.

పెట్ట ఒంట్లో గుడ్డు చివరి ఖర్చు. ముందు ప్రాణం నిలబడాలి, ఒంటి వేడి నిలవాలి, రాలిన ఈకలు మొలవాలి. అవన్నీ పోగా మిగిలిన దానితోనే గుడ్డు. నీళ్లలోనో, తిండిలోనో, వెలుతురులోనో, నిద్రలోనో కొరత పడితే ఒళ్లు ముందుగా ఆపేది గుడ్డునే. అంటే మనం వెతకాల్సింది ఆ కొరతను. దానికో వరస ఉంది. ఖర్చు లేనివి, త్వరగా తేలేవి ముందు చూడాలి. మందులు చివర్లో.

ఈ రోజు గుడ్డు ఎప్పుడు మొదలైంది?

ఇది తెలియకపోతే తప్పు రోజున తప్పు కారణం వెతుకుతాం. అండాశయంలో పచ్చసొన వేగంగా పెరిగేది చివరి 7 నుంచి 10 రోజుల్లో. అది విడుదలయ్యాక అండవాహికలో ప్రయాణం దాదాపు 25 గంటలు. తెల్లసొన చుట్టుకోవడానికి సుమారు 3 గంటలు, లోపలి పొరలకు గంటకు కాస్త ఎక్కువ, మిగిలిన 20 గంటలూ పెంకు కట్టడానికే. గుడ్డు పెట్టిన అరగంట, గంట తర్వాత గాని తర్వాతి పచ్చసొన విడుదల కాదు. అందుకే ఆరోగ్యంగా ఉన్న పెట్ట కూడా రోజురోజుకూ కాస్త ఆలస్యంగా పెడుతూ వచ్చి, పొద్దు వాలే వేళకు చేరాక ఒక రోజు మానేస్తుంది. ఆ ఒక్కరోజు విరామానికి కంగారు పడక్కర్లేదు.

దీని నుంచి రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. పెంకు పలచబడితే నిన్నటి, మొన్నటి సంగతి చూడాలి. గుడ్డే ఆగితే గత రెండు మూడు వారాలు తిరగేయాలి. అలాగే ఈ రోజు దాణా సరిచేస్తే ఫలితం కనిపించడానికి కనీసం రెండు వారాలు పడుతుంది. మధ్యలో మరో మార్పు చేయకండి.

ఒక కాగితం తీసుకుని గత మూడు వారాల్లో జరిగిన ప్రతి మార్పూ రాయండి. కొత్త దాణా బస్తా, కొత్త కోడి, పక్కన ఇల్లు కట్టే చప్పుడు, కుక్క రావడం, ఖాళీగా దొరికిన నీళ్ల గిన్నె, ఎండ తీవ్రత, మబ్బులు. సగం సార్లు కారణం ఆ కాగితం మీదే దొరుకుతుంది.

అడుగు 1: అసలు ఆపాయా, లేక గుడ్లు మీకు అందడం లేదా?

బయట తిరిగే కోళ్ల విషయంలో ఇది మొదటి అనుమానం కావాలి. పెట్టకు గుడ్ల పెట్టె నచ్చకపోతే పొద, కట్టెల మోపు, పాత సామాన్ల వెనక, ఎక్కడ చీకటిగా ఉంటే అక్కడ పెడుతుంది. ఒకటి మొదలుపెడితే మిగతావి దాని వెంట వెళ్తాయి. అప్పుడు అన్నీ ఒకేసారి ఆపినట్టే ఉంటుంది.

తేల్చుకోవడం సులువు. మూడు, నాలుగు రోజులు మధ్యాహ్నం దాటేదాకా కోళ్లను గూట్లోనే ఉంచండి. గుడ్లలో ఎక్కువ భాగం తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నంలోపే వస్తాయి. లోపల గుడ్లు కనిపిస్తే సమస్య తేలిపోయినట్టే. నీళ్లు, దాణా, నీడ ఉండేలా చూసుకోండి. లేకపోతే ఈ పరీక్షే గుడ్లు ఆపుతుంది.

బయట దొరికిన గుడ్ల కుప్పను నీళ్ల గిన్నెలో వేసి చూడండి. తాజాది అడుగున పడుకుంటుంది, పాతది నిలబడుతుంది లేదా తేలుతుంది. గుడ్డు పాతబడేకొద్దీ లోపలి తేమ ఆరి గాలి గది పెద్దదవుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. తేలినవి పారేయండి.

రెండో అనుమానం గుడ్లు తినేవాళ్ల మీద. గడ్డి జిగటగా, తడిగా ఉండి పెంకు ముక్కలు కనిపిస్తే కోళ్లే తింటున్నాయేమో చూడండి. ముక్కు మీద ఎండిన పచ్చసొన అంటుకుని ఉంటుంది. పాము గుడ్డును మొత్తంగా మింగుతుంది కాబట్టి ఆనవాలే మిగలదు. ఎలుకలు, కాకులు పగిలిన పెంకులు వదులుతాయి, ఎలుకలైతే పక్కన పెంటికలు కూడా ఉంటాయి. రోజుకు రెండు మూడు సార్లు గుడ్లు ఏరడం, పెట్టెలో పింగాణీ గుడ్లు ఉంచడం, పెట్టె ముందు గోనె తెర కట్టి చీకటి చేయడం కోళ్ల అలవాటును చాలావరకు మాన్పిస్తాయి.

పెట్టె కొలతలు కూడా చూడండి. నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున, ఒక్కోటి సుమారు 30 సెం.మీ. పొడవు, వెడల్పు, ఎత్తు. నేల నుంచి 40, 45 సెం.మీ. ఎత్తులో, రాత్రి వాలే కర్ర కంటే కిందగా ఉండాలి. కర్ర కంటే పెట్టె ఎత్తుగా ఉంటే పెట్టెలోనే పడుకుని రెట్టతో నింపుతాయి, ఆ మురికిలో గుడ్డు పెట్టడానికి ఇష్టపడవు.

అడుగు 2: ఏ పెట్ట ఆపిందో చేతితో తెలుసుకోండి

మొత్తం మందకు వైద్యం చేయకముందు ఒక్కో పెట్టను పట్టుకుని చూడాలి. రాత్రి కర్ర మీద ఉన్నప్పుడైతే కంగారు పడకుండా చేతికి వస్తాయి.

పెట్టను చంకలో తల వెనక్కి ఉండేలా పెట్టుకుని, తోక కింద గుడ్డు వచ్చే ద్వారానికి రెండు పక్కలా ఉండే సన్నటి కటి ఎముకలను వేళ్లతో తడమండి. మధ్యలో రెండు, మూడు వేళ్లు పడితే గుడ్డు పెడుతున్న పెట్ట. ఒక్క వేలే పడితే ఆపేసింది, లేదా ఇంకా గుడ్డుకు రాలేదు. ఆ ఎముకల నుంచి రొమ్ము ఎముక చివర దాకా కొలిస్తే పెడుతున్న పెట్టలో మూడు, నాలుగు వేళ్ల జాగా మెత్తగా ఉంటుంది. గట్టిగా, మందంగా కొవ్వు తగిలితే అది వేరే సమస్య, దాణా దగ్గర చెప్పుకుందాం. ద్వారం పెద్దదై, తడిగా, పాలిపోయి ఉంటే పెడుతోంది. చిన్నదై, ముడుచుకుని, పొడిగా ఉంటే ఆపింది. తురాయి ఎర్రగా నిండుగా ఉందా, ముడుచుకుని పాలిపోయిందా అన్నది కూడా అదే మాట చెబుతుంది.

పసుపు చర్మం ఉండే జాతుల్లో ఇంకో లెక్క పనికొస్తుంది. గుడ్డు పెడుతున్నంతకాలం ఒంటి పసుపు రంగు పచ్చసొనలోకి వెళ్తుంది. ముందు ద్వారం చుట్టూ తెల్లబడుతుంది, వారం పడుతుంది. తర్వాత కళ్ల చుట్టు వలయం, ఆపైన 6 నుంచి 8 వారాల్లో ముక్కు, చివరగా నాలుగైదు నెలలకు కాళ్లు. ఆపిన తర్వాత అదే వరసలో, ఇంకా త్వరగా పసుపు తిరిగొస్తుంది. కాళ్లు తెల్లగా, ద్వారం పసుపుగా ఉన్న పెట్ట నెలల తరబడి పెట్టి ఈ మధ్యే ఆపిందన్నమాట. కాళ్లూ ముక్కూ ముదురు పసుపుతో మెరుస్తున్న పెట్ట చాలాకాలంగా దాణా తింటూ గుడ్డు ఇవ్వనిది.

ఇంకా అనుమానం ఉంటే ద్వారం లోపలి అంచుకు ఆహారంలో వాడే రంగు రెండు చుక్కలు పూయండి. మరునాటి గుడ్డు మీద ఆ రంగు చార పడుతుంది. ఒక్కో పెట్టకు ఒక్కో రంగు వాడితే ఎవరి గుడ్డో తెలిసిపోతుంది.

ఒక్క పెట్టే ఆపితే ఆ పెట్ట ఒంట్లోనో, గుడ్లను పొదగాలని కూర్చోవడంలోనో కారణం ఉంటుంది. రెండు మూడు రోజుల్లో అన్నీ ఆపితే నీళ్లు, దాణా, బెదురు, వెలుతురు, అంటువ్యాధి చూడాలి. నెలల మీద మెల్లగా తగ్గుతూ వస్తే పొద్దు నిడివి, ఈకలు, పురుగులు, వయసు.

అడుగు 3: నీళ్లు

గుడ్డులో సగానికి పైగా నీరే. మామూలు వాతావరణంలో ఒక పెట్ట రోజుకు 200 నుంచి 250 మి.లీ. తాగుతుంది, ఎండ ముదిరితే రెట్టింపు. ఒక రోజంతా నీళ్లు లేకపోతే గుడ్లు రోజుల తరబడి పడిపోతాయి. రెండో రోజుకూ సాగితే ఈకలు రాల్చడం మొదలుపెట్టి నెలల పాటు గుడ్డు మానేసే ప్రమాదం ఉంది.

గిన్నె నిండుగా ఉన్నంత మాత్రాన తాగుతున్నట్టు కాదు. నిపుల్ గొట్టమైతే (కోడి ముక్కుతో పొడిస్తే నీటి చుక్క కారే మొనలున్న గొట్టం) ఒక్కో నిపుల్‌ను వేలితో నొక్కి చుక్క వస్తోందో లేదో చూడండి, సున్నం పేరుకుని మూసుకుపోవడం మామూలే. గిన్నె ఎండలో ఉంటే వేడి నీళ్లు ముట్టుకోవు, చలిలో గడ్డకడితే తాగలేవు. మందలో పెత్తనం చేసే పెట్ట గిన్నె దగ్గర కాపు కాస్తుంటే బలహీనమైనవి దూరం నుంచే చూస్తుంటాయి. దీనికి విరుగుడు ఒకటే, రెండో గిన్నె ఒకదానికొకటి కనిపించనంత దూరంలో పెట్టడం. నీళ్లలో కలిపిన మందు, టానిక్ రుచి నచ్చక తాగడం మానేసే కోళ్లు కూడా ఉన్నాయి. గుడ్లు తగ్గాయని టానిక్ పోస్తే ఆ టానిక్ వల్లే ఇంకా తగ్గడం ఇలా జరుగుతుంది.

కొలిచి చూడండి. పొద్దున ఇన్ని లీటర్లని పోసి మరునాడు మిగిలింది కొలిచి, కోళ్ల సంఖ్యతో భాగించండి. లెక్క 150 మి.లీ. దగ్గర ఆగితే మిగతా కారణాల జోలికి వెళ్లకముందు దీన్ని సరిచేయండి.

అడుగు 4: దాణా, దానికంటే ముందు చిరుతిండి

రోగాల కంటే ఎక్కువ గుడ్లను ఆపేది ప్రేమతో వేసే గింజలు. దాణా బాగానే కొంటారు, పైన మొక్కజొన్న, నూకలు, మిగిలిన అన్నం గుప్పిళ్లతో చల్లుతారు. కోడికి గింజలంటే ఇష్టం, వాటితో పొట్ట నింపుకుని దాణాను వదిలేస్తుంది.

లెక్క వేసి చూద్దాం. పెట్ట రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో మాంసకృత్తులు 16 శాతం, కాల్షియం 4 శాతం అనుకుంటే, మొత్తం అదే తిన్న పెట్టకు 17.6 గ్రాముల మాంసకృత్తులు, 4.4 గ్రాముల కాల్షియం అందుతాయి. ఒక గుడ్డు పెంకుకు 2 గ్రాములకు పైగా కాల్షియం కావాలి, తిన్నదాంట్లో ఒంటికి పట్టేది సుమారు సగం. అంటే సరిగ్గా సరిపోతోంది. ఇప్పుడు అందులో 40 గ్రాములు మొక్కజొన్న అయ్యాయనుకోండి. మాంసకృత్తులు 14.6 గ్రాములకు, కాల్షియం 2.8 గ్రాములకు పడిపోతాయి. ఒంటికి పట్టేది 1.4 గ్రాములు. మిగతా దాన్ని పెట్ట తన ఎముకల నుంచి తీసి పెంకు కడుతుంది. కొన్నాళ్లకు పెంకు పలచబడుతుంది, తర్వాత తోలుగుడ్లు (పెంకు కట్టని మెత్తటి గుడ్లు), ఆ తర్వాత ఏమీ ఉండదు.

కాబట్టి గింజలూ మిగులు తిండీ కలిపి పెట్టకు రోజుకు 10 గ్రాములు మించకూడదు. అవి కూడా మధ్యాహ్నం తర్వాత, దాణా కడుపునిండా తిన్నాకే.

ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో ఎప్పుడూ ఉంచండి, దాణాలో కలపకండి. పెట్ట తనకు కావలసినంత సాయంత్రం ఏరుకుంటుంది. పొడి కంటే 2 నుంచి 4 మి.మీ. ముక్కలు మేలు. కందనకాయలో మెల్లగా కరుగుతూ, పెంకు కట్టే రాత్రి వేళ కాల్షియం అందిస్తాయి. గులకరాళ్ల ఇసుక దీనికి బదులు కాదు, అది గింజలు నూరుకోవడానికి. గుడ్డుకు రాని పిల్లలకు, పుంజులకు 4 శాతం కాల్షియం దాణా నెలల తరబడి పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. వాటితో కలిసి పెరిగే మందకు తక్కువ కాల్షియం దాణా పెట్టి, ఆల్చిప్పలను విడిగా ఉంచడమే దారి.

ఇంట్లో దాణా కలుపుకునేవాళ్లు మరిచిపోయేది ఉప్పు. కిలో మిశ్రమానికి 3 గ్రాములు కావాలి. అది పూర్తిగా లేకపోతే గుడ్లు కొద్దిరోజుల్లోనే పడిపోతాయి, ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం మొదలవుతుంది. ఎక్కువైనా విషమే, అందుకని చేతి అంచనాతో కాకుండా తూకం వేయండి. పచ్చి సోయాను వేయించకుండా వాడితే అందులోని పదార్థం మాంసకృత్తులను అరగనివ్వదు.

బస్తా మారాక గుడ్లు ఆగితే ముక్కుతో పరీక్ష చేయండి. ముక్కిన వాసన, గడ్డలు, బూజు ఉంటే పారేయండి. పైన బాగున్నది ఏరి వాడదామని చూడకండి, బూజు విషం కంటికి కనిపించదు, ఎండబెడితే పోదు. తయారైన తేదీ నుంచి రెండు నెలలు దాటిన దాణాలో విటమిన్లు తగ్గుతాయి. దాణా మార్చాల్సి వస్తే పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చండి.

అడుగు 2లో మందమైన కొవ్వు తగిలిన పెట్టల సంగతి. కొవ్వు కాలేయంలోకి చేరితే గుడ్లు తగ్గుతాయి, ఎండ రోజున ఉన్నట్టుండి చనిపోతాయి కూడా. వీటిని పస్తు పెట్టకండి. గింజలు పూర్తిగా మాన్పించి, దాణా కొనసాగిస్తూ, ఆకుకూరలు వేలాడదీసి, తిరిగే జాగా పెంచండి.

అడుగు 5: వెలుతురు

కోడికి వెలుతురు కళ్లతోనే కాదు, పుర్రె ఎముక గుండా నేరుగా మెదడుకూ చేరుతుంది. అక్కడి నుంచి హార్మోన్లు అండాశయానికి కబురు పంపుతాయి. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు ఉన్నప్పుడు గుడ్లు నిలకడగా ఉంటాయి. 12 గంటల కంటే తగ్గి, ఇంకా తగ్గుతూ పోతుంటే చాలా పెట్టలు ఆపేస్తాయి. ముఖ్యమైనది నిడివి కంటే దిశ, పెరుగుతోందా తరుగుతోందా అన్నది. భూమధ్యరేఖకు దగ్గరలో ఈ ప్రభావం కొద్దిగానే ఉంటుంది, దూరం పోయేకొద్దీ చలికాలపు విరామం ఖాయం.

దీపం పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. పెట్టకపోతే పొద్దు పెరిగాక అవే మొదలుపెడతాయి. ఆ విరామం వాటికి మేలే తప్ప కీడు కాదు. పెట్టాలనుకుంటే ఇలా చేయండి. తెల్లవారుజామున టైమర్‌తో వెలిగేలా అమర్చండి. సాయంత్రం దీపం ఒక్కసారిగా ఆరితే కర్ర ఎక్కని కోళ్లు చీకట్లో చిక్కుకుంటాయి. వారానికి 15 నుంచి 30 నిమిషాల చొప్పున పెంచుతూ సహజ వెలుతురుతో కలిపి 14 గంటలకు చేర్చండి. గూట్లో వార్తాపత్రిక అక్షరాలు చదవగలిగేంత వెలుగు చాలు, పసుపుపచ్చని వెచ్చని రంగు బల్బు సరిపోతుంది. నీళ్లూ దాణా ఆ వెలుగులో కనిపించాలి. ఇంకా ఐదు నెలలు నిండని పిల్లలకు ఇలా వెలుతురు పెంచకండి, ఒళ్లు కట్టకముందే గుడ్డుకొచ్చి గుడ్డు ఇరుక్కోవడం, అండవాహిక బయటికి జారడం వంటివి వస్తాయి.

మధ్యలో బల్బు పోవడం, కరెంటు పోయి టైమర్ గంటలు తప్పడం చాలా సందర్భాల్లో అసలు దోషి. దీపం వాడే గూట్లో గుడ్లు ఉన్నట్టుండి పడిపోతే తెల్లవారుజామున లేచి, అది నిజంగా వెలుగుతోందో లేదో కళ్లారా చూడండి.

అడుగు 6: ఈకలు రాలుతున్నాయా?

గూటి నిండా ఈకలు, మెడ బోసిగా, తోక లేకుండా, ముళ్లలాంటి కొత్త ఈకలు పొడుచుకొస్తూ కనిపిస్తే జవాబు దొరికినట్టే. ఏడాది, ఏడాదిన్నర వయసులో మొదటిసారి, తర్వాత ఏటా ఒకసారి ఇది వస్తుంది. తలతో మొదలై మెడ, రొమ్ము, వీపు, రెక్కలు, తోక వరసలో సాగుతుంది. ఈకలో దాదాపు 85 శాతం మాంసకృత్తులే కాబట్టి ఒళ్లు ఈకలూ గుడ్లూ రెండూ మోయలేదు.

మామూలుగా 8 నుంచి 12 వారాలు. మంచి పెట్టలు ఆలస్యంగా మొదలుపెట్టి, ఒకేసారి ఎక్కువ ఈకలు రాల్చి, త్వరగా ముగిస్తాయి. చూడ్డానికి ఘోరంగా కనిపించే పెట్టే చాలాసార్లు మందలో మేలైనది. అందుకే ఆ అవతారం చూసి పెట్టను వదిలించుకోకండి. ఈ కాలంలో మాంసకృత్తులు 18 నుంచి 20 శాతం ఉండే దాణా ఇవ్వండి, గింజలు ఆపండి. కొత్త ఈకల మొదట్లో రక్తం ఉంటుంది, పట్టుకుంటే నొప్పి. అవసరం లేకుండా చేతిలోకి తీసుకోకండి.

ఈకలు ఒక్కచోటే, వీపు మీదో ద్వారం దగ్గరో పోయి, కొత్తవి మొలవకపోతే అది ఈకల మార్పు కాదు. పుంజు ఎక్కడమో, తోటి పెట్టలు పీకడమో, పురుగులో కారణం.

అడుగు 7: పొదుగు పట్టిందా?

పెట్ట పెట్టెలోంచి కదలదు, చెయ్యి పెడితే ఈకలు విప్పి గుర్రుమంటుంది, రోజుకోసారి దిగి పెద్ద రెట్ట వేసి, గబగబా తిని మళ్లీ ఎక్కుతుంది, రొమ్ము మీద ఈకలు ఊడి ఉంటాయి. పొదిగే గుణం పోని జాతుల్లో కొన్ని గుడ్లు పెట్టగానే ఇది సహజం. పొదగనిస్తే 21 రోజులు, తర్వాత పిల్లల్ని సాకే వారాలు, అంతకాలం గుడ్లు ఉండవు. గుడ్లు లేని పెట్టెలో కూర్చోనిస్తే మూడు వారాలు దాటినా లేవకుండా చిక్కిపోతుంది.

మాన్పించాలంటే మొదటి రెండు రోజుల్లోనే మొదలుపెట్టాలి. అడుగు తీగ జాలీ ఉన్న పంజరాన్ని నేల నుంచి ఎత్తుగా పెట్టి, గడ్డి వేయకుండా, నీళ్లూ దాణా లోపల ఉంచి, పెట్టను మూడు నుంచి ఐదు రోజులు అందులో ఉంచండి. రొమ్ముకు వెచ్చదనం తగలకుండా కింద నుంచి గాలి ఆడడమే ఇక్కడ అసలు మందు. వదిలాక మళ్లీ పెట్టెకే పరుగెత్తితే ఇంకో రెండు రోజులు. దిగిన తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో గుడ్డు వస్తుంది. పెట్టను నీళ్లలో ముంచడం అక్కడక్కడా చేస్తారు. అది బెదరగొట్టడమే తప్ప పనిచేసే పద్ధతి కాదు, చలిలో ప్రాణం మీదికి తెస్తుంది.

అడుగు 8: ఎండ, బెదురు

30 డిగ్రీలు దాటాక కోడి తిండి తగ్గిస్తుంది. నోరు తెరిచి రొప్పినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, పెంకు కట్టడానికి కావలసిన బైకార్బనేట్ రక్తంలో తగ్గుతుంది. కాల్షియం ఎంత వేసినా వేసవిలో పెంకు పలచబడడం ఇందుకే. దాణాను తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక పెట్టండి. నీళ్లు నీడలో ఉంచి మధ్యాహ్నం మార్చండి. గాలి అడ్డం లేకుండా ఆడాలి.

బెదురు వేరు. రాత్రి కుక్కో పిల్లో గూటి చుట్టూ తిరిగితే మరునాటి నుంచే గుడ్లు తగ్గుతాయి. కొత్త కోళ్లను నేరుగా మందలో వదిలితే పెత్తనం మళ్లీ తేలేదాకా రెండు వారాలు గొడవే. మధ్యలో జాలీ పెట్టి వారం రోజులు ఒకదాన్నొకటి చూడనిచ్చి, ఆ తర్వాత కలపండి. కొనుక్కొచ్చిన పెట్ట కొత్తచోట రెండు, మూడు వారాలు గుడ్డు పెట్టకపోతే అమ్మినవాడు మోసం చేశాడని తేల్చేయకండి.

అడుగు 9: రాత్రి టార్చ్‌తో

పగలు శుభ్రంగా కనిపించే గూట్లో రాత్రి వేరే సంసారం ఉంటుంది. రెడ్ మైట్ అనే చిన్న పురుగు పగలు కర్ర పగుళ్లలో దాక్కుని, రాత్రి కోడి రక్తం తాగి తిరిగి వెళ్తుంది. కోడి ఒంటి మీద వెతికితే దొరకదు. చీకటి పడ్డ రెండు గంటల తర్వాత వెళ్లి, తెల్ల కాగితాన్ని కర్ర కింది భాగం, చివర్ల వెంట గట్టిగా రుద్దండి. ఎర్రటి మరకలు పడితే ఉన్నట్టే. పగుళ్ల దగ్గర బూడిద చల్లినట్టు కనిపించడం, సాయంత్రం కోళ్లు గూట్లోకి వెళ్లడానికి మొరాయించడం, తురాయి పాలిపోవడం మిగతా గుర్తులు.

కర్రలు ఊడదీసి, గడ్డి మొత్తం కాల్చేసి, ప్రతి పగులునూ మరిగే నీళ్లతో తడపండి. తర్వాత పశువైద్యుడు సూచించిన మందు కొట్టండి. వెచ్చటి వాతావరణంలో ఇది గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి వారం, పది రోజులే పడుతుంది. అందుకని ఏడో రోజున మళ్లీ చేయాలి, ఇంకో వారానికి మూడోసారి. ఒక్కసారితో వదిలేసినవాళ్లకు నెల తిరిగేసరికి మొదటికొస్తుంది. ఖాళీ గూట్లో కూడా నెలల తరబడి తిండి లేకుండా బతుకుతుంది కాబట్టి, గూటిని కొంతకాలం మూసేస్తే చస్తుందనుకోకండి.

పేలు ఒంటి మీదే ఉంటాయి. ద్వారం కింద ఈకలు విప్పి చూస్తే ఈక మొదట్లో తెల్లటి గుడ్లు గుత్తులుగా అంటుకుని కనిపిస్తాయి. పొడి మట్టి, బూడిద ఉన్న గుంట ఎప్పుడూ అందుబాటులో ఉంటే ఇవి అదుపులో ఉంటాయి. కడుపులోని నట్టలు గుడ్లు తగ్గించడం నిజమే. కానీ మందు తాగించే ముందు రెట్ట పరీక్ష చేయించడం మంచిది. ఏ మందు వాడినా ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అడిగి రాసి పెట్టుకోండి.

అడుగు 10: రోగం గుర్తులు

ఇక్కడ ఆలస్యం చేయకూడదు. గుడ్లు ఆగడంతో పాటు కింది వాటిలో ఏది కనిపించినా పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.

దగ్గు, గురక, తుమ్ములతో పాటు పెంకు ముడతలు పడి, పగలగొడితే తెల్లసొన నీళ్లలా పారితే ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే ఊపిరి దారుల వైరస్ రోగాన్ని అనుమానించాలి. తగ్గాక గుడ్లు తిరిగొచ్చినా పాత స్థాయికి చేరకపోవచ్చు. పిల్లగా ఉన్నప్పుడే ఇది సోకితే అండవాహిక దెబ్బతిని, ఎర్రటి తురాయితో నిండుగా పెరిగిన పెట్ట కూడా ఎన్నడూ గుడ్డు పెట్టదు. కోళ్లు హుషారుగా తింటూ తిరుగుతుండగా పెంకు రంగు వెలిసి, తోలుగుడ్లు వరసగా పడుతుంటే ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ అనే వైరస్ ఒక కారణం. ఆకుపచ్చ రెట్ట, రొప్పు, మెడ తిరగడం కొక్కెర తెగులు గుర్తులు. తల వాచి తురాయి నీలంగా మారి, కోళ్లు వెంటవెంటనే చనిపోతుంటే వాటిని చేత్తో ముట్టుకోకండి, కోయకండి, అమ్మకండి. అది బర్డ్ ఫ్లూ కావచ్చు, ప్రభుత్వ పశువైద్య శాఖకు వెంటనే చెప్పాలి.

ఒక్క పెట్ట పెంగ్విన్‌లా నిటారుగా నిలబడి, తోక దించి, ముక్కుతూ ఉంటే గుడ్డు అడ్డం పడి ఉండవచ్చు. చీకటిగా, వెచ్చగా ఉన్నచోట ఉంచి, 38 నుంచి 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ఒంటి కింది భాగం 20 నిమిషాలు మునిగేలా పట్టుకోండి. పొట్ట నొక్కకండి, లోపల గుడ్డు పగిలితే ప్రాణం పోతుంది. కొన్ని గంటల్లో రాకపోతే వైద్యుడే చూడాలి. పొట్ట వారాల తరబడి నీళ్ల తిత్తిలా ఉబ్బి ఉంటే పచ్చసొన లోపలే పడి కుళ్లుతుండవచ్చు, ఇంటి వైద్యంతో అది తగ్గదు.

వయసు

గుడ్ల కోసం పెంచిన సంకర జాతులు 18 నుంచి 20 వారాలకు, నాటు కోళ్లూ బరువైన జాతులూ 24 నుంచి 28 వారాలకు గుడ్డుకొస్తాయి. మొదటి ఏడాదే ఎక్కువ, ఆ తర్వాత ఏటా 10 నుంచి 20 శాతం తగ్గుతూ వస్తుంది. కానీ వయసు ఎప్పుడూ ఒక్కరోజులో గుడ్లు ఆపదు. మంద అంతా ఒకేసారి ఆగినప్పుడు ముసలివైపోయాయి అనుకోవడం తప్పు.

సరిచేశాక ఎన్నాళ్లు ఆగాలి?

నీళ్ల లోపమైతే త్వరగా పట్టుకున్న మందలో వారంలో తేడా తెలుస్తుంది. దాణా అయితే రెండు మూడు వారాలు, వెలుతురు పెంచితే రెండు నుంచి నాలుగు వారాలు. పురుగులు పోయాక తురాయి ఎరుపెక్కడం ముందు గుర్తు, గుడ్డు దాని తర్వాతే. ఆ గడువు దాటేదాకా రెండో మార్పు చేయకండి. ప్రతి ఆదివారం కటి ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూసి రాసుకోండి. ఒక వేలు నుంచి రెండు వేళ్లకు జాగా పెరిగిందంటే, పెట్టె ఇంకా ఖాళీగా ఉన్నా, లోపల పచ్చసొనలు పెరుగుతున్నాయి. మళ్లీ మొదలైన తొలి గుడ్లు చిన్నవిగానో, పెంకు గరుకుగానో, పచ్చసొన లేకుండానో రావచ్చు. నాలుగైదు గుడ్లకు అది సర్దుకుంటుంది, అప్పటిదాకా ఆల్చిప్పల గిన్నె ఖాళీ కానివ్వకండి.